నిప్పుగుండం నాగులమ్మ

దేవరకొండకు పడమటి గుట్టల మీద నల్లరాళ్ల నడుమ గిన్నెలాంటి చెరువొకటి ఉండేది. ఎప్పుడో ఆ గుట్ట నిప్పులు కక్కిందని పెద్దలు చెప్పుకొనేవారు. అందుకే దానికి నిప్పుగుండమని పేరు. తామరాకుల కింద నీళ్లు మాత్రం చల్లగా ఉండేవి. రోజూ అక్కడికి బర్రెలను తోలుకెళ్లే నాగులమ్మకు ఆ సంగతి బాగా తెలుసు.

నాగులమ్మ ముప్పై ఏళ్ల వితంతువు. నోరు గట్టిది, నవ్వు అంతకన్నా గట్టిది.

నలభై ఎనిమిది ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం, నిజాం మీద తిరగబడ్డ సంఘానికి కబుర్లు మోసే మైసయ్య రొప్పుతూ గుట్టెక్కాడు. "నాగులమ్మా, రజాకార్లొస్తున్రు!" అన్నాడు.

"అయితే బర్రెల నడుమకు దుంకు. తల పైకి పెట్టకు" అని నాగులమ్మ అతణ్ణి నీళ్లలోకి నెట్టింది.

మైసయ్య మునిగాడో లేదో, తుపాకులతో నలుగురు వచ్చారు. వాళ్ల జమాదారు చెరువంతా కలయజూసి, "గా బుడగలేందే?" అన్నాడు.

నిజమే, తామరాకుల మధ్య బుడబుడమని బుడగలు లేస్తున్నాయి.  కానీ నాగులమ్మ నోరు తడబడలేదు.

"నిప్పుగుండం గద సాబ్! గుట్ట కడుపుల మంట లేసింది. గిట్ల మసలుతుంటే మేం దగ్గరికి పోం."

"మరి బర్రెలో?"

"వాటి తోలు మందం సాబ్. నీకు గంత తోలున్నదా?"

జమాదారు నమ్మలేక, ఒడ్డున బండ మీద నిలిచిన నీళ్లలో వేలు పెట్టాడు. పొద్దుటి నుంచి ఎండకు కాగిన నీళ్లు చురుక్కుమన్నాయి. అదే క్షణాన మునిగి ఉన్న బర్రె ఒకటి బుస్సుమని తల ఎత్తింది. నలుగురూ చెప్పులు వదిలేసి గుట్ట దిగారు.

మైసయ్య నెత్తిన నాచుతో పైకి లేచాడు.

"ఊపిరి బట్టమంటే బువ్వ వండినట్టు ఆ బుడబుడలేంది?" అని నాగులమ్మ కసిరింది. తర్వాత ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

మసిలే చెరువు కథ ఊరూరా పాకింది. పోలీస్ యాక్షన్ అయ్యాక పటాలం అధికారి ఒకాయన, తెలుగు తెలిసిన సిపాయిని వెంటబెట్టుకుని చూడవచ్చాడు. నీళ్లు ముట్టుకుని, మసలడం లేదేమని సిపాయితో అడిగించాడు.

"రజాకార్లు పోయిన్రు గద సాబ్, ఇగ గుట్టకు కోపమెందుకు?"

సిపాయి ఆ మాట తర్జుమా చేయగానే అధికారి విరగబడి నవ్వాడు. ఆ ఊపులోనే సంఘపోళ్లను ఎవరినైనా చూశావా అని అడిగించాడు.

"నా కండ్లు బర్రెల మీదనే ఉంటయి" అంది నాగులమ్మ.

అయినా మైసయ్య ఆ చలికాలంలో పటాలానికి దొరికాడు. రెండేళ్లు జైల్లో ఉండి, చిక్కిపోయి, తిన్నగా గుట్టెక్కాడు.

"నన్ను మనువాడుతవా?" అన్నాడు, నేల చూస్తూ.

నాగులమ్మ అతణ్ణి పైనుంచి కిందికి చూసింది. "పాలు పిండొస్తదా?"

"రాదు."

"పొద్దుగాల లేస్తవా?"

"జైల్ల అలవాటైంది."

"గట్లయితే రా" అని చేతి కర్ర అతనికిచ్చింది. వేసవి వచ్చేసరికి ఇద్దరూ గుట్ట కింద గుడిసె వేసుకున్నారు.