చెన్నపట్నం కాలిపోయిందన్న రోజు

నా చిన్నప్పుడు మా వీధికి లోకం సంగతులు కాఫీ హోటలు మీదుగా వచ్చేవి. బెంగుళూరు పేటలో మగ్గాల చప్పుడు మధ్య బతికే తెలుగు కుటుంబాలు మావి. ఎవరి ఇంట్లోనూ రేడియో లేదు. వీధి మూలనున్న హోటల్లో మాత్రం ఒకటి ఉండేది. అది ఇంగ్లీషులో చెప్పిన యుద్ధవార్తను కాఫీకి వచ్చిన గుమాస్తా ఎవరో కన్నడంలో చెబితే, విన్నవాళ్ళు తెలుగులోకి మార్చుకుని ఇళ్ళకు తెచ్చేవారు. పిల్లలదాకా చేరేసరికి ప్రతి వార్తా బాగా ఒళ్ళు చేసి ఉండేది.

ఆ రోజుల్లోనే మా నాన్న పట్టుచీరల మూట తీసుకుని చెన్నపట్నం వెళ్ళాడు. జపానువాళ్ళు సముద్రం మీదుగా వస్తారని అందరూ భయపడుతున్న కాలం. అమ్మ వద్దంది. నేసిన చీరలు పెట్టెలో దాచుకుంటే పొయ్యి వెలగదని నాన్న నవ్వి బండెక్కాడు.

ఒక మధ్యాహ్నం పూలమ్మే ఆమె మా గడప దగ్గరకు పరుగెత్తుకుంటూ వచ్చింది. "చెన్నపట్నం సగం కాలిపోయిందంటమ్మా! బాంబులేసినారంట!"

అమ్మ చేతిలోని చాట జారిపోయింది. బియ్యం నేలంతా పరుచుకున్నాయి. అమ్మ ఏడవలేదు, అరవలేదు. అందుకే నాకు మరీ భయమేసింది. లోపలికి వెళ్ళి రెండు చీరలు మూటగట్టి, తమ్ముణ్ణి చంకనేసుకుని, సాయంత్రం బండికి చెన్నపట్నం పోతానంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళలో కొందరు పొమ్మన్నారు. కొందరు దొడ్డబళ్ళాపురంలోని పుట్టింటికి వెళ్ళిపొమ్మన్నారు. ఒకామె అప్పుడే శోకాలు మొదలుపెట్టింది.

అంతలో పక్కింటి అక్క వచ్చింది. ఆమె ఆడపిల్లల బడిలో పంతులమ్మ. సంగతంతా విన్నాక అమ్మను ఆపాలని చూడలేదు. "పోదువుగానిలే వదినా. బండికి ఇంకా పొద్దుండాది. అంతలోపల ఈ మాట యాడ పుట్టిందో చూసొస్తాను," అని నా చెయ్యి పట్టుకుని వీధిలోకి దిగింది.

ముందు పూలామెనే అడిగింది. ఊరు సగం కాలిందని ఎవరు చెప్పారు? బాంబులు పడ్డాయని టైలరు చెప్పాడట. బాంబులు పడితే ఊరు కాలకుండా ఉంటుందా అని తనే అనుకుందట. టైలరు దగ్గరికి పోతే అతను మిషను ఆపి, "పడినాయని యాడ చెప్పినానక్కా? పడినాయేమో అన్నా. సైరన్లు మోగినాయని హోటల్లో అనుకుంటా ఉండారు. ఊరికే మోగుతాయా?" అన్నాడు.

అప్పట్లో మా ఇళ్ళ ఆడవాళ్ళు హోటలు గడప తొక్కేవారు కాదు. అక్క తిన్నగా లోపలికి వెళ్ళి గల్లా పక్కన నిలబడింది. వార్తల వేళ కాగానే రేడియో గొంతు పెంచమని యజమానిని కన్నడంలో అడిగింది. ఆయన బిత్తరపోయి పెంచాడు. కాఫీ తాగుతున్నవాళ్ళంతా మాటలాపేశారు. అక్క తల వంచుకుని చివరిదాకా విని, హోటల్లో వాళ్ళకు కన్నడంలోనూ నాకు తెలుగులోనూ చెప్పింది. చెన్నపట్నంలో పరీక్షకని సైరన్లు మోగించారట, జనం బెదరవద్దట. అంతే.

నేను ఇంటికి పరుగు తీయబోయాను. అక్క నా చెయ్యి వదల్లేదు. "ఉండవే. రేడియో సర్కారుది. జనం బెదురుతారని కొన్ని దాచను కూడా దాస్తారు. చూసినోళ్ళను అడగాల."

ఇంటికి వచ్చి అమ్మను వెంటబెట్టుకుని స్టేషనుకు నడిపించింది. మూట అమ్మ చేతిలోనే ఉంది. చెన్నపట్నం నుంచి బండి వచ్చి ఆగగానే, పిల్లలతో దిగుతున్న ఒకామెను అక్క ఆపి, ఊరు కాలిపోయిందా అని అడిగింది. ఆమె మా ముఖాలు చూసి ఆశ్చర్యపోయింది. "కాలిపోయేదేందమ్మా? ఊరు బాగుండాది. సైరను కూతకు మా అత్త మంచం కిందికి దూరింది. ఆమెను బయటికి లాగేదానికి మాకు తాతలు దిగొచ్చినారు," అంటూ నవ్వింది.

అమ్మ ఆ ప్లాట్‌ఫారం మీదే కూలబడింది. అంతసేపూ ఎక్కడ దాచుకుందో, ఏడుపంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. మంచం కింద దూరిన అత్త గుర్తొచ్చి, ఏడుస్తూనే పకపకా నవ్వింది. తమ్ముడికి ఏమర్థమైందో గాని వాడూ నవ్వాడు. నా గుండెల మీంచి బండ దించినట్టయింది. తర్వాత కొన్నాళ్ళకు నాన్న క్షేమంగా తిరిగొచ్చాడు, సగం చీరలు అమ్ముడుపోలేదని విసుక్కుంటూ. గుమ్మంలోనే అమ్మ తన చేతులూ భుజాలూ ఎందుకలా తడిమి చూస్తోందో ఆయనకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం స్టేషను నుంచి తిరిగొచ్చే దారిలో, పూలామె అబద్ధాలకోరని నేను కోపంగా అన్నాను. అక్క నడక ఆపింది. "ఎవురూ అబద్ధం చెప్పలేదే. ఒక్కొక్కరూ వాళ్ళ భయం కొంచెం కలిపినారు. మీ అమ్మ మీద ప్రేమ లేకుంటే ఆమె ఆ ఎండలో పరుగెత్తొస్తుందా?"

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి చేతిలోనూ ఒక ఫోను ఉంది. ఏదో ఒక ఊరు మునిగిందనో, ఎవరో పోయారనో రోజూ ఎవరో ఒకరు నా దగ్గరకు వస్తారు. నేను వాళ్ళను కసురుకోను. పక్కన కూర్చోబెట్టుకుని, మంచినీళ్ళిచ్చి, ఊపిరి తీసుకోనిచ్చి మెల్లగా అడుగుతాను: "నువ్వు చూసినావా నాయనా? చూసినోళ్ళు ఎవరుండారు?"