బతికున్నవాళ్ల దగ్గర పాడకూడని పాట

బెనిల్దా రోజూ పొద్దున్నే జీప్నీ బస్సులో కూర్చుని, పక్కన కునికే మనిషి ఊపిరి వినేది. ఒకరోజు కూరగాయల గంపతో సంతకు పోయే అవ్వ, ఒకరోజు కాపలా డ్యూటీ దిగి ఇంటికి పోయే మనిషి. ఆ ఊపిరి ఆగినచోట ఆగి, లేచినచోట లేచి, పెదవి కదపకుండా కూనిరాగం తీసేది. పాటతో వైద్యం చేసేవాళ్లు ముందు రోగి ఊపిరితో కలిసి నడవాలని, ఆ తర్వాతే రాగాన్ని మెల్లగా మళ్లించాలని మనీలాలో ఆమెకు నేర్పారు. డ్రైవరు ఇస్కోకి ఈ సంగతులేవీ తెలియవు. అయినా ఆమె దిగేదాకా రేడియో పెట్టేవాడు కాదు. ఎవరైనా అడిగితే, "ఆగండయ్యా, టీచరమ్మ సాధన చేసుకుంటోంది" అనేవాడు. మన దారిలో ఇలాంటి మనుషుల్ని దేవుడే కూర్చోబెడతాడు.

సొంతగడ్డ ఇలోకోస్‌లో పిల్లలకు పాటలు చెప్పే ఉద్యోగం మానుకుని ఆమె ఆ చదువుకు పోయింది. తండ్రి దున్నపోతును అమ్మి పంపాడు. చదువైతే పూర్తయింది. కానీ ఏదో ఒక ఆసుపత్రిలో రోగులతో పనిచేసి, అక్కడి పెద్దలు బాగా చేసిందని చెబితేనే పట్టా చేతికొస్తుంది. సంగీత చికిత్స అనగానే ఆసుపత్రుల వాళ్లు నవ్వి సాగనంపారు. చివరికి సముద్రం ఒడ్డున కన్యాస్త్రీలు నడిపే చిన్న ఆసుపత్రిలో సిస్టర్ ఇమ్మాకులాదా రమ్మంది. "కానీ రోగి తాలూకు వాళ్లు వద్దంటే మాత్రం నేను నిన్ను ఉంచలేను తల్లీ" అని ముందే చెప్పింది. ఇది తప్పిపోతే బెనిల్దాకు పోవడానికి ఇంకో చోటు లేదు.

వార్డులో మొదటిరోజే ఒక పెద్దాయన మంచం మీదనుంచి వేళాకోళం ఆడాడు. "వీడియోకె పాటల పెట్టెలో నాణెం వేస్తే అదే పాడుతుంది కదమ్మాయ్. దీనికి మళ్లీ చదువొకటా?"

"మీరు దగ్గితే అది ఆగదు కదా తాతా. నేను ఆగుతాను."

"అయితే దగ్గుతూనే ఉంటాలే" అన్నాడాయన. వార్డంతా నవ్వింది.

నవ్వనిది అపొలోనియా ఒక్కతే. పక్షవాతం వచ్చినప్పటినుంచి ఆమె గొంతునుంచి ఒక్క మాట లేదు. సిస్టర్ ఆమెనే బెనిల్దాకు అప్పగించింది. ముసలామె కూతురు జోవితా ఎండుచేపలు అమ్ముకుంటుంది. రోజూ మధ్యాహ్నం అల్లం వేసిన గంజి తెచ్చి తల్లికి తాగించి, నా అన్నవాళ్లు లేని పక్క మంచం మనిషికి కూడా ఇంత పోసి వెళ్లేది.

బెనిల్దా గిటారు పట్టుకుని గుడి పాటలు పాడింది, కోతల పాటలు పాడింది, పుట్టినరోజు పాట కూడా పాడింది. ముసలామె కళ్లు పైకప్పు మీదనుంచి కదల్లేదు. వారాలు గడిచాయి. ఇక ఇంటికి తీసుకుపోతామన్నారు జోవితా వాళ్లు. చూపించడానికి బెనిల్దా దగ్గర ఏమీ లేదు. ఇంట్లో తండ్రి అరువు తెచ్చుకున్న పశువుతో దున్నుతున్నాడు.

ఆ రోజు వాన కురుస్తోంది. గిటారు గోడకు ఆనించేసి, ముసలామె చేయి పట్టుకుని, ఉత్త ఊపిరి వెంటే రాగం తీసింది. ఆ ఊపిరి పొడుగ్గా కిందికి జారుతోంది, చివర్లో తెగి వెక్కులా అవుతోంది. రాగమూ అలాగే జారింది. అది ఏ రాగమో బెనిల్దాకు తెలిసేసరికే ఆలస్యమైంది. ముసలామె పెదవులు కదిలాయి.

"పడవ... పడవ రాలేదు..."

గుమ్మంలో గంజి గిన్నె కిందపడింది.

అది దుంగావ్. ఇంట్లో శవం పక్కన కూర్చుని, పోయిన మనిషితో మాట్లాడుతూ తీసే ఏడుపు పాట. బతికున్నవాళ్ల మంచం దగ్గర ఎత్తితే చావుకు కబురు పెట్టినట్టే.

"మా అమ్మ నీ కంటికి శవంలా కనబడిందా?" జోవితా మంచానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఇంకొంచెం ఆగలేకపోయావా? శవపెట్టె కూడా తెచ్చావా?"

"మనాంగ్... అక్కా, ఆమె మాట్లాడింది. మీరూ విన్నారు కదా."

"నోరు మూసుకో! మా అమ్మను తాకావో..."

సిస్టర్ వచ్చి, పనివాళ్లను పిలవకుండా తనే వంగి గంజి తుడిచింది. బెనిల్దాను వరండాలోకి తీసుకెళ్లింది. "నువ్వు చెడు తలపెట్టావని నేననను. కానీ వాళ్ల భయం వాళ్లది. జోవితా వద్దంటే రేపటినుంచి నువ్వు రాకూడదమ్మా" అంది.

బెనిల్దా ప్రార్థన గదిలో మోకరించింది. తను ఏడుస్తున్నది ముసలామె కోసమా, పట్టా కోసమా? ఎంత వెతుక్కున్నా తేలలేదు. బయటికి వస్తే చూరు కింద బెంచీ మీద జోవితా కూర్చుని ఉంది. వాన తగ్గలేదు. బెనిల్దా ఆ చివర కూర్చుంది. జోవితా లేచి వెళ్లలేదు. తన గోనెపట్టా సగం ఇటు జరిపింది, జల్లు పడకుండా.

"ఏమంది మా అమ్మ? నాకు సరిగ్గా వినబడలేదు."

"పడవ రాలేదంది."

జోవితా వానలోంచి కనబడే సముద్రం వైపు చెయ్యి చూపింది. "మా నాన్న చేపలకు పోయి తిరిగి రాలేదు. నేనప్పుడు చిన్నదాన్ని. ఈ ఒడ్డున ఎవరింట్లో చావైనా దుంగావ్ పాడింది మా అమ్మే. నాన్నకు మాత్రం పాడలేదు. శవం చూడకుండా పాడితే నేనే ఆయన్ని చంపినదాన్నవుతానే అనేది. ఆత్మల పండగకు పోయినవాళ్లందరికీ బియ్యప్పిండి రొట్టెలు పెడుతుంది, ఆయనకు పెట్టదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఎవరడుగుతారు?"

"మనాంగ్, నేను అబద్ధం చెప్పను. ఈ పట్టా నాకు కావాలి. మా నాన్న ముఖం చూడలేకపోతున్నాను. మీరు పొమ్మంటే పోతాను. కానీ మీ నాన్నకు పాడని పాట అమ్మ గొంతులో అడ్డంపడి ఉంది, మాట దాని వెనకాల ఉందనిపిస్తోంది. నాకు అంతకంటే తెలియదు. పాడినా మాట రాకపోవచ్చు."

"పాడాక అమ్మకేమైనా అయితే?"

బెనిల్దా జోవితా చేతిని పట్టుకుంది. ఆ చేతికి ఎండుచేపల ఉప్పు అంటుకుని ఉంది.

"నాన్నగారి చొక్కా ఏదైనా ఇంట్లో ఉంటే రేపు తెస్తారా మనాంగ్? కుర్చీలో పరుద్దాం. దుంగావ్ తనకు కాదు, ఆయనకని అమ్మకు కనబడాలి. పాటలో మొదటి పిలుపు నేను పిలవకూడదు, పరాయిదాన్ని. నాన్నా అని మీరు పిలవండి. ఈ ఒక్క సాయం చేయండక్కా."