మా రాణికి మృగశిర గండం

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. ఆ రోజులంటే మరీ రాజుల కాలం కాదు లెండి. ఫోన్లు చేతికొచ్చి, ప్రపంచంలో ఏ విద్యనైనా అన్నం తింటూ నేర్చేసుకోవచ్చని మా ఈడు పిల్లలందరం గట్టిగా నమ్మిన రోజులు. చెయ్యి కడుక్కునేలోపు నేను ఒక విద్యలో ఆరితేరేదాన్ని. అలా ఒక మధ్యాహ్నం పప్పన్నంలోకీ మజ్జిగన్నంలోకీ నడుమ నేర్చుకున్నది చేపల పెంపకం. వీడియోలో ఒక గుండాయన గాజు తొట్టి ముందు కూర్చుని, చేపలను చూస్తూ ఉంటే ఇంటిల్లిపాదికీ మనశ్శాంతి కలుగుతుందని హామీ ఇచ్చాడు. ఆయన ఇల్లు ఎక్కడుందో తెలిస్తే మా అమ్మ ఇప్పటికీ వెళ్ళి రెండు మాటలు అడిగి వస్తుంది.

అప్పుడు మేము సూరత్‌లో, ఉధ్నా అవతల ఒక సొసైటీలో మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. నాన్నకు మగ్గాల కార్ఖానాలో రాత్రి పాళీ. అంతకుముందు డిండోలిలో మేమున్న గదికి గోడ అవతలే మగ్గాలు ఆడేవి. నాన్న రాత్రంతా మగ్గాల దగ్గర పనిచేసి పగలంతా మగ్గాల పక్కన పడుకునేవాడు (పడుకునేవాడు అన్నాను, నిద్రపోయేవాడు అనలేదు). ఈ మేడకు మారిన మొదటి రోజు ఆయన పొద్దున పడుకుని మధ్యాహ్నం దాటినా కదలకపోతే, అమ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. నాన్న నిద్రపోతున్నాడంతే. అలాంటి ఇల్లు కాబట్టే ఇంటివాళ్ళు ఏ షరతు పెట్టినా మేము తలూపేవాళ్ళం. వాళ్ళు పెట్టింది ఒకటే. మాంసం, చేప, గుడ్డు గడప దాటి రాకూడదు. వచ్చిందని తెలిస్తే ఆ నెలలోనే ఖాళీ చేయాలి. అమ్మ చేతులు జోడించి ఒప్పుకుంది. నాలుక కోరే పాపాలన్నీ ఆదివారం డిండోలిలో మామ ఇంట్లో చేసేసి, సోంపు నములుతూ సాధువుల్లా మెట్లెక్కేవాళ్ళం.

షరతు పెట్టింది ఇంటాయన అయినా దానికి కాపలా మాత్రం ఆయన తల్లి. గుజరాతీ ఇళ్ళల్లో పెద్దావిడను పిలిచినట్టే మేమూ ఆవిడను 'బా' అనేవాళ్ళం. కింద వసారాలో కూర్చునే పైన మేము పోపులో ఎన్ని వెల్లుల్లి రెబ్బలు వేశామో చెప్పగల ముక్కు ఆవిడది. మనిషి మాత్రం వెన్న. మేమందరం బయటికి వెళ్తే తాళంచెవి ఆవిడ చేతికే ఇచ్చేవాళ్ళం. నీళ్ళొచ్చే వేళకు ఆ నొప్పుల మోకాళ్ళతోనే పైకెక్కి మా డ్రమ్ము నింపి, మళ్ళీ తాళం వేసి దిగేది.

చేపల కంటే ముందు నా జంతుప్రేమ మరికొన్ని ప్రాణులను ధన్యం చేసింది. మొదట గులాబీ రంగు వేసిన కోడిపిల్ల (సూరత్‌లో రంగు వేయని సరుకు అమ్ముడుపోతుందా). రంగు వెలిసి అది మామూలు కోడిగా మారుతుంటే, ఇది పెద్దయ్యాక ఏం చేస్తారని బా అడిగింది. నాన్న నిజం చెప్పబోయాడు, అమ్మ ఆయన కాలు తొక్కింది. కోడిని మామ ఇంటికి పంపించాం. ఆ పై ఆదివారం మామ ఇంట్లో నేనొక్కదాన్నే పచ్చడి మెతుకులు తిన్నాను. తర్వాత కుందేలు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అతికే పని చేసేది. కుందేలు ఆ చీరల అంచులను ఒక్కొక్కటిగా రుచి చూసి, అన్నిటికంటే ఖరీదైన దాన్ని ఖాయం చేసుకుంది. ఇక మిగిలింది చేపలే. అరవవు, కరవవు, చీరలు నమలవు. నేను అప్పుడే రింగ్ రోడ్‌లో ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో, వ్యాపారులకు ఫోన్లో చీరల ఫోటోలు పంపే మహత్తర ఉద్యోగంలో చేరాను. మొదటి జీతంతో తొట్టి కొన్నాను.

తొట్టి మెట్లెక్కుతుంటేనే బా లేచి నిలబడింది. "మాఛలీ? మా ఇంట్లోకా?" అంది గుండె మీద చెయ్యేసుకుని. అమ్మ తన హిందీనంతా కూడగట్టుకుని, "ఖానే కా నహీ బా, దేఖ్‌నే కా," అంది. చేపలను ఊరికే చూడటానికి తెచ్చుకునే తెలుగువాళ్ళు ఉంటారని బా అంత తొందరగా నమ్మలేదు. వెనకే పైకొచ్చి, స్టూలు వేసుకుని కూర్చుని, చేపలన్నిటినీ వేలుపెట్టి లెక్కపెట్టింది.

నిద్రలేచిన నాన్న తొట్టిని చాలాసేపు చూశాడు.

"వండేటియి గావు గదా. మరేం పనికొస్తయి బిడ్డా?"

"మనసుకు శాంతి ఉంటది నాయినా."

"నాకు శాంతి పండుకుంటే వస్తది. గివాటిని డుమస్‌కు తీస్కపోయి సముద్రంల ఇడ్శిరా."

"ఇవి మంచినీళ్ల చేపలే. ఉప్పునీళ్లల్ల సస్తయి."

"మేం రాలేదా గీడికి? బత్కుతలేమా?" అని నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు నుంచీ బా పూజ ముగించుకుని నేరుగా మా స్టూలు మీదికి వచ్చేది. చేపలకు పిండి వేస్తే పుణ్యమట. పుణ్యం ఎంత వచ్చిందో గానీ, ఆవిడ వేసే గోధుమపిండి ఉండలకు తొట్టి నీళ్ళు వారం తిరక్కుండానే చిక్కబడ్డాయి. "నూలుకు గంజి పెడ్తున్నవా ఏంది?" అన్నాడు నాన్న. నా విద్య ఎందుకుంది మరి. నీళ్ళన్నీ పారబోసి, తొట్టిని గిన్నెల సబ్బుతో తళతళలాడేలా తోమాను. తొట్టి అద్దంలా మెరిసింది. చేపల్లో కొన్ని వెల్లకిలా తేలాయి.

అప్పుడు తెలిసింది నాకు, నా మెడకు ఏం చుట్టుకుందో. బా లెక్క తగ్గకూడదు. తగ్గితే ఆ చేప ఏమైందని అడుగుతుంది. మేము చేపలు తినేవాళ్ళమని ఆవిడకు తెలుసు. చచ్చిపోయిందని చెబితే, చచ్చాక ఎక్కడికి పోయిందన్నది రెండో ప్రశ్న. దానికి మేము ఏ జవాబు చెప్పినా పులుసు వాసనే వస్తుంది. అందుకే ఏ చేప పోయినా, ఆవిడ పూజ ముగిసేలోపు అలాంటిదే మరొకటి తొట్టిలో ఈదాలి. చీరల మార్కెట్ పిల్లను కదా, చీరకు జాకెట్టు గుడ్డ వెతికినట్టే వెతికేదాన్ని. అమ్మ దగ్గరి చీర ముక్కల్లో చేప రంగుకు సరిపోయేది పట్టుకెళ్ళి, దుకాణంలో గాజుకు ఆనించి, ట్యూబులైటు కింద ఒకసారి, వాకిట్లో ఎండలో ఒకసారి పోల్చి చూసేదాన్ని. దుకాణమాయన మొదట నవ్వాడు, తర్వాత మానేశాడు. నేను కనిపిస్తే "ఫిర్ మర్ గయీ?" అని, మళ్ళీ ఒకటి చచ్చిందని తెలిసి వల చేతిలోకి తీసుకునేవాడు.

ఒక్కదాని జోలికి మాత్రం చావు రాలేదు. అరచేతిలో సగముండే నారింజరంగు గోల్డ్‌ఫిష్. తోక మీద తెల్లటి మచ్చ. బా దానికి రాణి అని పేరు పెట్టి, కోడలి మీద చెప్పుకోవాల్సినవన్నీ దానికే చెప్పుకునేది. రాణి నోరు తెరుస్తూ మూస్తూ అన్నిటికీ ఒప్పుకునేది.

ఇలా ఉండగా మృగశిర కార్తె వచ్చింది. మావైపు ఆ రోజు చేపలు తినాల్సిందే. వానలు దిగే ముందు కడుపులో చేప పడకపోతే ఏడాదంతా దగ్గు, దమ్ము అంటారు. మామ ఇంటికి బయల్దేరి అమ్మ తాళంచెవి ఇస్తుంటే, మంచి చీర కట్టావు ఎక్కడికని బా అడిగింది. మా అమ్మకు అబద్ధం చెప్పడం అన్ని భాషల్లోనూ రాదు.

"ఆజ్ మృగశిర హై బా. ఆజ్ మచ్ఛీ ఖానా పడ్తా."

తినాల్సిందేనా అని బా. చిన్నపిల్లలతో సహా అని అమ్మ. ఒకవేళ దొరక్కపోతే అని బా నెమ్మదిగా అడిగింది. అమ్మ మహా ధీమాగా, "కహీ సే భీ లానా, మగర్ ఖానా," అనేసి చెప్పులేసుకుంది. ఎక్కడినుంచైనా తేవాలి, తినాలి. బా తాళంచెవిని కొంగుకు ముడేసుకుంది. మేము ఆటో ఎక్కేదాకా చూస్తూనే ఉంది.

డిండోలిలో అత్త వండిన పులుసు గురించి ఇక్కడ చెప్పను, కథ ఆగిపోతుంది. ఒక్క మాట చెప్పాలి, నాన్న గొంతులో ముల్లు ఇరుక్కుంది. తిరిగొచ్చి తాళంచెవి అడిగితే బా మా మొహాలు చూడకుండా ఇచ్చింది. తలుపు తీసి చూస్తే తొట్టిలో రాణి లేదు.

వెతకని చోటు లేదు. మంచం కింద, డ్రమ్ము వెనక, చీరల మూటల్లో. ఉక్కగా ఉందని తొట్టి మూత తీసి పెట్టింది నేనే, కిటికీ తెరిచిందీ నేనే. పిట్టగోడ మీద ఒక పిల్లి మూతి నాక్కుంటోంది. ఇంకేం కావాలి. అమ్మ నేలమీద కూలబడి, "పిల్లి తిన్నదంటే బా నమ్ముతదానే? గియ్యాల్నే తినాలె అని నా నోటితోని నేనే చెప్తిని," అంది. నాన్న ముల్లు దిగడానికి అన్నం ముద్ద మింగుతూ, "ఇల్లు పోతదా?" అన్నాడు. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని. మామూలుగా అన్నాడు. "మళ్ల మగ్గాల పక్కకేనా," అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నారింజరంగు చీర ముక్క తీసుకుని మెట్లు దిగి పరుగెత్తాను.

రంగు దొరికింది, సైజు దొరికింది. తోక మీద మచ్చ మాత్రం దొరకలేదు. మా మార్కెట్లో అయితే చిన్న తేడా అని నాలుగు మాటలు చెప్పి సరుకు అంటగట్టేయొచ్చు. అమ్మ కొత్త రాణిని వృత్తి కళ్ళతో పరీక్షించి, "గమ్ము పెట్టి తెల్ల రాయొకటి అతికిద్దామా?" అంది. తమాషాకు కాదు, నిజంగానే రాళ్ళ డబ్బా తీసింది. నేనూ ఒక్క క్షణం ఆలోచించాను.

అంతలోనే బా అడుగుల చప్పుడు. కొంగు కింద ఏదో స్టీలు డబ్బా పట్టుకుని మెల్లగా వచ్చింది, పిండి ఉండలు కాబోలనుకున్నాం. నాన్న సరిగ్గా అప్పుడే ముల్లు గుచ్చుకుని ఖళ్ళున దగ్గాడు. బా ఆయన్ని చూసింది. తర్వాత తొట్టిని చూసింది. తొట్టిలో రాణి, అంటే మా కొత్త రాణి, హాయిగా ఈదుతోంది. బా నోరు తెరుచుకుంది. తొట్టిలోకి చూసింది, కొంగు కిందికి చూసుకుంది, మళ్ళీ తొట్టిలోకి చూసింది.

"రాణీ?" అంది.

"హా బా, రాణీ. రాణీయిచ్ హై," అంది అమ్మ, ఎవరూ అడగనంత గట్టిగా.

బా స్టూలు మీద కూర్చోలేదు, పిండి వేయలేదు. డబ్బాను గుండెలకు అదుముకుని వెళ్ళిపోయింది. "ఆనవాలు వట్టింది," అంది అమ్మ, గోనెసంచులు ఎన్నున్నాయో చూడటానికి లేస్తూ.

మర్నాడు పొద్దున నాన్న పాళీ నుంచి రాగానే, ఖాళీ చేయమనేలోపు ఒక నిద్ర తీస్తానని మంచమెక్కాడు. అమ్మా నేనూ వంటింట్లో ఉన్నాం. తలుపు కిర్రుమంది. బా పూజ కూడా చేయకుండా, పిల్లిలా అడుగులో అడుగేస్తూ తొట్టి దగ్గరికొచ్చి, స్టీలు డబ్బా మూత తీసి, నీళ్ళతో సహా లోపలికి వంచింది. నారింజరంగు చేప ఒకటి తపుక్కున పడి తోకాడించింది. ఆ తోక మీద తెల్లటి మచ్చ.

మృగశిర నాడు ఈ తెలుగువాళ్ళు ఎక్కడినుంచైనా తెచ్చి తింటారని భయపడి, మేము ఆటో ఎక్కగానే తాళం తీసి రాణిని తన మంచినీళ్ళ డబ్బాలో దాచింది ఆవిడ. పులుసుగండం గడిచాక వదిలేద్దామని సాయంత్రం పైకొస్తే, తొట్టిలో అప్పటికే ఇంకో రాణి.

బా వెనక్కి తిరిగింది. గరిటె పట్టుకుని అమ్మ, అమ్మ వెనక నేను. మమ్మల్ని అనుమానించానని ఆవిడ ఎలా చెబుతుంది? మేము మోసం చేశామని మేమెలా చెబుతాం? తొట్టిలో రాణులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అందరికంటే ముందు బాయే తేరుకుంది. గొంతు సవరించుకుని, తల నిటారుగా పెట్టి, "జో, రాణీయే బచ్చూ ఆప్యూ," అంది. చూడు, రాణి పిల్లను పెట్టింది.

తల్లంత పిల్ల. అమ్మ గరిటె పక్కన పెట్టి, "బహుత్ అచ్ఛా హువా బా," అని లోపలికెళ్ళి బెల్లం ముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆ మాటలకు నాన్నకు మెలకువ వచ్చింది.

"ఏమాయెనే?"

"రాణి పిల్లను వెట్టింది."

"ఎంతున్నది?"

"రాణంత."

నాన్న కొంచెం ఆలోచించాడు. "ఇల్లు?"

"ఉన్నది."

"మంచిగైంది," అని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. అరగంట గడిచేసరికి గురక మొదలైంది. ఆ గురక కంటే మంచి చప్పుడు నేను ఇప్పటికీ వినలేదు.

ఆ మరుసటి మృగశిరకు మేము బయల్దేరకముందే బా పెద్ద గిన్నెతో గుమ్మంలో నిలబడింది. రాణి పుట్టింటికి వెళ్తుందట, సాయంత్రం తెచ్చి దింపుతుందట. ఎందుకని మేము అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అక్కడున్నన్నాళ్ళూ అదే ఆనవాయితీ అయింది.

ఇప్పుడు నాకు పెళ్ళై సొంత ఫ్లాట్ ఉంది. ఏది వండొద్దనే వాళ్ళు లేరు. తొట్టి కూడా ఉంది, దాన్ని సబ్బుతో తోమనంత జ్ఞానమూ వచ్చింది. అయినా మృగశిర నాడు పొయ్యి మీద పులుసు పెట్టి, చేపను స్టీలు డబ్బాలో వేసుకుని, స్కూటీ మీద బా దగ్గరికి వెళ్తాను. మా ఆయన దీన్ని పిచ్చి అంటాడు, నేను పద్ధతి అంటాను. అసలు రాణి, నకిలీ రాణి ఎప్పుడో పోయారు. ఇప్పుడున్నది ఎన్నో రాణో నాకే తెలియదు, చీర ముక్క పెట్టి రంగు కుదిర్చి తెచ్చిందే. బా ఇప్పుడు మెట్లెక్కలేదు. మొన్న మృగశిరకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు లోపలికి చూసింది.

"తోక మీద మచ్చ కనబడటం లేదేమే?" అంది.

"కళ్ళజోడు మార్చాలి బా," అన్నాను.

"ఆ రోజు నా కళ్ళు బాగానే ఉన్నాయి," అంది, చేపనే చూస్తూ. ఇన్నేళ్ళలో ఆ సంగతి మా ఇద్దరి మధ్య మాటల్లోకి రావడం అదే మొదలు. ఆవిడ డబ్బా మూత సగం వేసి, పులుసు మాడిపోతుంది వెళ్ళమని చేత్తో సైగ చేసింది.