మూడు అరల డబ్బా

టిఫిన్ డబ్బా మూతకు ఉండే రబ్బరు రింగు విడిగా అమ్మరు. తాండూరు బజారులో నాలుగు స్టీలు సామాన్ల దుకాణాలు తిరిగాక చెబుతున్న మాట ఇది. "రింగు కోసమని ఎవరన్న వస్తరా సార్? కొత్త డబ్బ తీస్కోండ్రి" అన్నారు నలుగురూ. ఐదో దుకాణం ఆయన నా ముఖం చూసి జాలిపడి కుక్కరు రింగు తీశాడు. అది డబ్బాకు కాదు గానీ నా తలకు సరిగ్గా సరిపోయేది.

రింగు వదులైంది తప్ప డబ్బాకు ఏ లోటూ లేదు. పదకొండేళ్ళుగా నాతో వస్తోంది. నేను వికారాబాదులో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను, ఉండేది తాండూరులో. పొద్దున రైలు, సాయంత్రం రైలు, మధ్యలో ఆ మూడు అరల డబ్బా. పోషణ పాఠం వచ్చినప్పుడు అందరూ చార్టు తగిలిస్తారు. నేను డబ్బా విప్పి బల్ల మీద పెట్టేవాణ్ణి. పై అరలో జొన్నరొట్టెలు: పిండి పదార్థం, పీచు. నడిమి అరలో పుంటికూర, అంటే గోంగూర, వేసిన గట్టి కందిపప్పు: మాంసకృత్తులు, ఇనుము. కింది అరలో ఉడికించిన గుడ్డు, ఉల్లిగడ్డ ముక్కలు, ఒక నిమ్మబద్ద. సమతుల ఆహారం అంటే ఏదో విదేశీ వ్యవహారం కాదు, మన వంటింట్లోదే అని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది?

"నిమ్మబద్ద ఎందుకుంది?" అని అడిగేవాణ్ణి.

"కలర్ కోసం సార్" అనేది ముందు బెంచీ.

ఆకుకూరలో, పప్పులో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడుండాలని చెప్పేవాణ్ణి. తిండితో పాటు చాయ్ తాగితే మాత్రం ఆ ఇనుము చాలావరకు ఒంటికి పట్టకుండానే పోతుందనీ చెప్పేవాణ్ణి. ఇది రెండు మార్కుల ప్రశ్న, నోట్సులో కింద గీత గీయించేవాణ్ణి. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "మా అమ్మ చాయ్ మీదనే బతుకుతది సార్" అంది. "ఇంటికి పోయి మీ అమ్మకు చెప్పు" అన్నాను. ఇళ్ళకు పోయి చెప్పాల్సిన వాళ్ళలో నన్ను నేను లెక్క వేసుకోలేదు.

వెనక బెంచీ వాడొకడు, "ఫుల్ మార్కులు మేడమ్‌కు ఇయ్యాలె సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ మాట ఇంట్లో చెబుదామనుకుని రైల్లో మరిచిపోయాను.

మా ఆవిడది కుల్కచర్ల వైపు వ్యవసాయం చేసుకునే ఇల్లు. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అంటే నా కంచం కాక నేను చూడాల్సిన కంచం ఇంకొక్కటే. పెద్ద పరిశోధనేమీ అవసరం లేదు.

రెండేళ్ళుగా ఆమెకు నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేదట. నాతో చెప్పింది ఒక్కసారే, అదీ "జర నీరసమైతుంది" అని. పండ్లు తినమన్నాను. పోయిన ఎండాకాలం డాబా మీద బట్టలు ఆరేసి దిగుతూ మెట్ల మీద కూలబడింది. అప్పుడు గానీ వికారాబాదులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోలేదు.

గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసెయ్యాలి అంది డాక్టరమ్మ. "కానీ రక్తం ఏడే ఉంది. పది దాటందే నేను ఆపరేషన్ చెయ్య. లేటయినకొద్దీ ఇంకా పోతనే ఉంటది. రోజూ ఏం తింటవమ్మా?"

ప్రశ్న ఆమెది, సబ్జెక్టు నాది. అందుకని నేనే గడగడా చెప్పాను: జొన్నరొట్టె, కందిపప్పు, పుంటికూర, రోజుకో గుడ్డు.

"గది నీ డబ్బ" అంది మా ఆవిడ.

తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి చెప్పింది. "పొద్దుగాల చాయ్, రెండు టోస్టులు. పగటీలి అన్నం, పచ్చిపులుసు. మూడింటికి చాయ్. రాత్రికి సారు తిన్నంక ఏముంటే అది. సోమారం, శనారం ఒక్కపొద్దు."

ఒక్కపొద్దు ఉన్న రోజు ఆమె ఒక్కపూటే తింటుంది. దాని మీద నేను వేసిన జోకులు చాలానే ఉన్నాయి. ఇక్కడ రాయదగ్గది ఒక్కటీ లేదు.

"ఇంట్ల పప్పు చేస్తవు గద, తినవా?"

"గట్టిది డబ్బల పోతదమ్మా. గిన్నెకు అంటుకున్నదాంట్ల నీళ్ళు పోసి చారు చేస్కుంట."

"గుడ్డు?"

"డబ్బ పట్కపోయేది ఒక్కరే గద. ఇంట్ల ఉన్నోళ్ళకు గుడ్డెందుకు?"

ఆ మాట ఆమె ఫిర్యాదుగా అనలేదు. వాళ్ళమ్మ ఇంట్లో పొలానికి పోయేవాళ్ళకు ముందు సద్ది కట్టేవారు, ఇంట్లో మిగిలినవాళ్ళు మిగిలింది తినేవారు. ఇక్కడ పొలం బదులు కాలేజీ వచ్చింది, అంతే. పదకొండేళ్ళు క్లాసులో విప్పి చూపించిన ఆ డబ్బా ఒక కంచంలోంచి తీసి కట్టిందని నేను ఏ సంవత్సరమూ చెప్పలేదు. నాకు తెలిస్తే కదా.

డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసి నెల తర్వాత రమ్మంది. రక్తం పెరిగితే ఆ వారమే ఆపరేషన్. పరిగి నుంచి మా ఆవిడ వాళ్ళక్క వచ్చి పది రోజులు ఉంటానంది. సంచీలో బట్టలు కూడా సర్దుకుంది.

ఇక నేను రంగంలోకి దిగాను. రంగురంగుల పెన్నులతో చార్టు గీసి వంటింట్లో అతికించాను. రెండు గుడ్లు, గట్టిపప్పు, ఆకుకూర, పల్లీలు బెల్లం, జామపండు. ఒక్కపొద్దులు ఆపరేషన్ అయ్యేదాకా బంద్. ఆమె చార్టును చూసి, "అక్షరాలు మంచిగున్నయి" అంది. చెప్పినవన్నీ తింది కూడా, పొయ్యి పక్కన నిలబడి.

చార్టుతో నాకు తృప్తి కలగలేదు. చేతులతో ఏదైనా చెయ్యాలనిపించింది. నాకు వచ్చిన వంట ఒక్కటే, చాయ్. రోజూ ఆమె కంటే ముందే లేచి, అల్లం దంచి, డికాషన్ బాగా మరిగించి, కప్పు ఒక చేత్తో, మాత్ర ఇంకో చేత్తో పట్టుకుని ఆమె ముందు నిలబడేవాణ్ణి. రాత్రి భోజనం కాగానే ఇంకో కప్పు. ఆమె మొదట మొహమాటపడింది, తర్వాత అలవాటు పడింది. వాళ్ళక్కకు ఫోన్లో, "మా సారు చాయ్ పెట్టి ఇస్తుండు" అని చెబుతుంటే పక్క గదిలో కూర్చుని విన్నాను. నెల రోజుల్లో నాకు దొరికిన మెప్పు అదొక్కటే. దాన్ని రెండుసార్లు నెమరేసుకున్నాను కూడా.

నెల తర్వాత పరీక్షలో రక్తం ఏడున్నర.

డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పింది. "మాత్రలు వేసుకుంటలేవా?"

"ఒక్కనాడు గూడ తప్పలేదమ్మా. చాయ్ తోటి వేసుకుంటున్న. సారే పోసిస్తడు."

ఆ వాక్యం పూర్తయ్యేసరికి నాకు నా నోట్సు పేజీ, కింద ఎర్రగీతతో సహా కనిపించింది. పదకొండేళ్ళు చెప్పిన మాటే. క్లాసులో చెప్పే చాయ్ వేరు, మా ఇంటి చాయ్ వేరు అనుకున్నానేమో. కనీసం అలా అనుకున్నా బాగుండేది. అసలేమీ అనుకోలేదు.

"చాయ్ తోటి మాత్ర వేసుకుంటే ఒంటికెట్ల పడ్తదమ్మా? నిమ్మకాయ నీళ్ళతోటి వేసుకోవాలె. చాయ్ తాగాలంటే రెండు గంటలు ఆగాలె" అని, డాక్టరమ్మ నా వైపు చూసింది. "మీరేం చెప్తరు సార్ కాలేజీల?"

"జువాలజీ."

"మంచిది" అని, ఇంకో నెలకు మాత్రలు రాసింది.

వాళ్ళక్క సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది. ఆపరేషన్ నెల వెనక్కి పోయిందంటే ఇంకో నెలసరి భరించాలి. ఆ నాలుగు రోజులు ఆమె గోడ పట్టుకుని వంటింటికి నడవడం నేను చూశాను. పోయిన రెండేళ్ళూ అలాగే నడిచి ఉంటుంది. అప్పుడు నేను రైలు టైము చూసుకుంటూ ఉండి ఉంటాను.

రక్తం ఏడున్నర అని తెలిసిన రోజే సాయంత్రం రైలుకు తాండూరులో దిగాం. ఇంటికి రాగానే ఆమె చీర మార్చుకుని పొయ్యి ముందు పీట వేసుకుంది. జొన్నపిండిలో వేణ్ణీళ్ళు పోసి పిసికింది. మొదటి రొట్టె పెనం మీద వేసి, తడిచేత్తో పైన నీళ్ళు రాసింది. ఎప్పటిలాగే నా కంచం నా ముందు పెట్టింది. రొట్టె దిగగానే నా కంచంలో వేసింది, రెండోది తట్టడం మొదలుపెట్టింది. చేసేవాళ్ళు చేస్తుంటే తినేవాళ్ళు వేడివేడిగా తినాలి, మా ఇంట్లో రొట్టె పద్ధతి అదే. తినేవాళ్ళు అంటే నేను.

నాకు తినబుద్ధి కాలేదు. చార్టు వైపు చూశాను. అందులో ఏం తినాలో ఉంది, ఎంత తినాలో ఉంది. ఇంకో కంచం తెచ్చి నా పక్కన పెట్టాను. నిమ్మకాయ కోసి దాంట్లో ఒక బద్ద వేశాను.

"ఇయ్యాల్టి సంది నా తర్వాత తినుడు బంద్" అన్నాను. "రా, ఇట్ల కూసో. ఇద్దరం కల్సి తిందాం."

ఆమె తల ఎత్తలేదు. చేతిలో రొట్టె తిరుగుతూనే ఉంది.

"ఇద్దరం కూసుంటే రొట్టెలెవరు చేస్తరు?"