కొలిచి కోసిన కుర్చీ

ఆయన నలభై ఏళ్ళు తలుపులు, కిటికీలు చేశాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊడదీసి మళ్ళీ బిగించేవాడు కాబట్టి వీధిలో అందరూ కొలబద్ద మేస్త్రి అనేవారు. ఆ పేరు ఆయనకూ ఇష్టమే.

కూతురి కూతురికి ఆరేళ్ళు. పుట్టినప్పటినుంచీ ఒళ్ళు వదులు, కండరాలకు పట్టు లేదు. చేతిలో చెంచా నిలిచేది కాదు. తినిపించడం, బొత్తాలు పెట్టడం అన్నీ అమ్మమ్మే. ఆ పిల్ల కోసం మేస్త్రి ఒక కుర్చీ చేశాడు. ఎదిగే పిల్ల కదా అని కాస్త పెద్దదే చేశాడు.

పిల్లల ఆసుపత్రిలో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఉండేది. తినడం, తొడుక్కోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు పిల్లలు తమంతట తామే చేసుకునేలా నేర్పడం ఆమె ఉద్యోగం. పిల్ల ఇంట్లో ఎలా కూర్చుంటుందో చూడాలని ఒకరోజు వచ్చింది. కుర్చీని చూసి, పక్కనున్న మేకుల పెట్టెను పిల్ల పాదాల కిందకు జరిపింది. వీపు వెనక దిండు దోపింది. తూలుతున్న చెయ్యి కొంచెం కుదుటపడింది.

“కాళ్ళు గాల్లో ఉంటే, పడిపోకుండా కూర్చోవడానికే పాప బలమంతా సరిపోతుందండీ. ఇక చేతికేం మిగులుతుంది?” అంది.

మేస్త్రి ముఖం మాడ్చుకున్నాడు. ఆమె వెళ్ళాక, “నా పనికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు,” అన్నాడు భార్యతో.

“తలుపు చేస్తే గుమ్మం కొలుస్తారు. మరి కుర్చీకి పిల్లని కొలిచారా?” అందామె.

మర్నాడు పొద్దున్నే మనవరాలిని బల్ల మీద కూర్చోబెట్టి మోకాలి నుంచి మడమ దాకా కొలిచాడు. కుర్చీ కాళ్ళు కోసేశాడు. చెంచాకు లావుపాటి చెక్క పిడి తొడిగాడు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. సాయం చేసేముందు ఇరవై దాకా లెక్కపెట్టమని థెరపిస్ట్ అమ్మమ్మకు చెప్పింది. ఆవిడ ఏడు దాటేది కాదు.

“చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.”

“అయితే అటు తిరిగి కూర్చో,” అన్నాడు మేస్త్రి.

తిరిగి కూర్చుంది. పావుగంట భోజనం ముప్పావుగంట అయింది. తిన్నదెంతో, గౌను మీద పడిందీ అంతే. మూడో వారంలో ఒక మధ్యాహ్నం వెనకనుంచి, “అమ్మమ్మా, అయిపోయింది. ఇంకొంచెం పెట్టు,” అని వినబడింది. ఆవిడ వెంటనే తిరగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని అప్పుడు తిరిగింది.

ఆ మరుసటి ఏడు మేస్త్రి తలుపుల పని మానేసి ఆసుపత్రికి కుర్చీలు చేయడం మొదలుపెట్టాడు. పిల్లలు ఎదిగినప్పుడల్లా కుర్చీలు ఆయన దగ్గరికే తిరిగొస్తాయి. కాళ్ళకు ముక్కలు అతికి పంపిస్తాడు.

మనవరాలికిప్పుడు తొమ్మిదేళ్ళు. తానే తింటుంది. బొత్తాలు పెట్టుకుంటుంది, మెడ దగ్గరిదానికి మాత్రం ఎవరో ఒకరు కావాలి. బూట్ల లేసు కట్టుకోవడం రాలేదు. వస్తుందో రాదో తాను చెప్పలేనంది థెరపిస్ట్. మేస్త్రి పట్టీలున్న బూట్లు కొనిచ్చాడు.