వాలెట్‌లో మిగిలినంత వరకు

"మీ ఫోను లోపల పెట్టేయండి" అంటూ ఆ పెద్దాయన తన ఫోనుతో చార్జరు మీది కోడ్ స్కాన్ చేశారు. నా కారుకి చార్జింగ్ మొదలైంది.

ముమ్మిడివరం దగ్గరి చార్జింగ్ స్టేషన్లో ఆ మధ్యాహ్నం నా యాప్‌లో డబ్బు కట్టడం ఎంతకీ కుదరలేదు. నా అవస్థ చూసి, నీడలో కుర్చీ వేసుక్కూర్చున్న ఆయన లేచి వచ్చారు. రిటైరైన మాస్టారట. చుట్టూ చూస్తే ఆయన కారేదీ కనపడలేదు.

"చూపు మందగించిందండి, కారు అమ్మేసేను. ఈ చార్జింగ్ యాప్ వాలెట్‌లో ముందే వేసిన డబ్బు మాత్రం వెనక్కివ్వరట. ఇలా వాడేస్తున్నానండి."

"ఎంతయిందో చెప్పండి మాస్టారూ, ఇప్పుడే పంపేస్తాను."

"వద్దండి. చార్జింగయ్యేదాకా కూర్చోండి, చాలు. పెట్రోలు బంకులో ఎవరాగుతారండి? ఇక్కడైతే గంట కదల్లేరు!" అని నవ్వారు.

కూర్చున్నాను. ఆదివారాలు భార్యను ఆ కారులో చర్చికి తీసుకెళ్లిన కబుర్లు చెప్పారు. ఆవిడ పోయాక ఇంట్లో మాట్లాడేవాళ్లే లేరట.

"ఈ డబ్బు అయిపోతే ఇక్కడ కూర్చోడానికి నాకు వంకుండదండి" అన్నారు.

బయల్దేరుతూ అడిగాను, "వాలెట్‌లో ఇంకా ఉందాండి?"

"ఆయ్, ఉందండి" అంటూ ఫోను జేబులో పెట్టేసుకున్నారు. ఎంతుందో చెప్పలేదు.