అయ్యగారికి చెప్పని మాట

ఆరేళ్లుగా మోస్తున్నాను దీన్ని. మోస్తున్నానంటే తల వంచుకుని తిరిగానని అనుకోకండి. దర్జాగానే తిరిగాను. బ్రాంప్టన్‌లో మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కి వెళ్తే ముందు వరసలో కుర్చీ వేస్తారు నాకు. కెనడాలో శాశ్వతంగా ఉండడానికి పీఆర్ వచ్చింది, మంచి ఉద్యోగం వచ్చింది. అయినా అక్కడ ఆ వీడియో వేసిన ప్రతిసారీ లేచి వాష్‌రూమ్‌కి వెళ్లిపోతాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నాకు గర్వం ఎక్కువ. ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. పదో తరగతి నుంచే మా ఊరి సభల్లో తర్జుమా చేసేదాన్ని. విదేశాల నుంచి వచ్చిన బోధకుడు ఇంగ్లీషులో చెబుతుంటే పక్కన నిలబడి తెలుగులో చెప్పాలి. ఆయన చేయెత్తితే నేనూ ఎత్తాలి, ఆయన గొంతు పెంచితే నేనూ పెంచాలి. ఎక్కడైనా ఆయన మాట చప్పగా ఉంటే కాస్త ఉప్పూ కారం నేనే వేసేదాన్ని. జనం ఆమెన్ అనేవారు. మా సభల్లో మంచి తర్జుమా అంటే అదే మరి. ఎవరూ తప్పు పట్టలేదు.

కాలేజీకని ఇక్కడికొచ్చిన రెండో వేసవిలో మా ఊరి అయ్యగారు, అంటే మా పాస్టర్ గారు, మిస్సిసాగాలో కూతురింటికి విజిటర్ వీసా మీద వచ్చారు. నాకు పేరు పెట్టింది ఆయనే. ఇంగ్లీషు రాదు. అప్పుడే మా ఫెలోషిప్ స్టూడెంట్లం ఉత్తరాన ఒక ఆదివాసీ రిజర్వ్‌కి మిషన్ ట్రిప్ ప్లాన్ చేశాం. ఈ దేశంలో అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్ల ఊరది. "నేనూ వస్తానమ్మా, నువ్వున్నావుగా మాట చెప్పడానికి" అన్నారు అయ్యగారు. నేను పొంగిపోయాను.

ఆ వారం గురించి ఇప్పటికీ తలెత్తుకునే చెప్తాను. వేర్‌హౌస్ షిఫ్టులు మానుకుని, రెండు వ్యాన్లలో పధ్నాలుగు గంటలు వెళ్లాం. కమ్యూనిటీ హాలు మెట్లు పుచ్చిపోతే కొత్తవి కొట్టాం. గోడలకి రంగులేశాం. పిల్లలకి కబడ్డీ నేర్పాం, మోకాళ్లు చీరుకుపోయేలా ఆడారు. ఊరంతటికీ చికెన్ పలావ్ వండాను. హాలు వంటగది ఒక పెద్దావిడ చేతిలో ఉండేది. అందరూ కోకమ్ అనేవారు, వాళ్ల భాషలో అమ్మమ్మ. నా పలావ్ నోట్లో పెట్టుకుని దగ్గుతూ నవ్వేది. పెనం మీద వాళ్ల రొట్టె కాల్చడం దగ్గరుండి నేర్పింది. నేను కాలిస్తే మాడేది, అయినా తినేది. నన్ను ఇష్టపడింది. అది నాకు తెలుసు. తెలిసే చేశాను ఆ పని.

చివరి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మా పిల్లలు గిటార్ పట్టుకుని పాటలు మొదలెట్టారు. వంటగది గుమ్మం దగ్గర మేం ముగ్గురమే ఉన్నాం. కోకమ్, అయ్యగారు, నేను. అయ్యగారు అన్నారు: "అమ్మా, ఈ తల్లిని అడుగు. ఆవిడ తల మీదా, మనవల తల మీదా చేయి పెట్టి ప్రార్థన చేసుకోవచ్చా అని. వద్దంటే వద్దు."

వద్దంటే వద్దు. ఎంత తేలిగ్గా అన్నారో. మాలో అయ్యగారి చేయి తల మీద పడాలని తోసుకుంటారు జనం. వద్దనేవాళ్లు ఎవరుంటారు?

నేను అడిగాను. కోకమ్ ఆయన చేతుల వంక చూసింది. నా దగ్గరికి వంగి ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. "మీ అన్నం తింటాం. మీ పాటలు వింటాం. తల మీద చెయ్యి మాత్రం వద్దని చెప్పు. చిన్నప్పుడు మమ్మల్ని ఇళ్లలోంచి లాక్కెళ్లి చర్చివాళ్ల హాస్టల్లో పడేశారు. రోజూ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవాళ్లు. ఆ చేత్తోనే జడలు కత్తిరించారు. ఆ చేత్తోనే కొట్టారు."

ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కాలేదని బొంకే దారి కూడా నాకు లేదు.

మరి ఎందుకు చెప్పలేదు? ఆరేళ్లుగా ఇదే ప్రశ్న. ఆయన చిన్నబుచ్చుకుంటారనా? అప్పటికే ఒకడు ఫోన్ ఎత్తి మావైపే వీడియో తీస్తున్నాడనా? అవీ ఉన్నాయి. కానీ అసలుది వేరే. మా అమ్మ మిషన్ హాస్టల్లో చదువుకుని నర్సయింది. పూట గడవని ఇంట్లోంచి ఆమెని బయటికి లాగింది ఆ హాస్టలే. మా ఇంట్లో హాస్టల్ అన్న మాటకి దేవుడి తర్వాత స్థానం. అలాంటిది ఈవిడెవరో హాస్టల్ గురించి అలా మాట్లాడేసరికి నాకు ఒళ్లు మండింది. అవునండీ, మండింది. ఆవిడ బతుకు ఆవిడ చెబుతుంటే మా అమ్మని తిట్టినట్టు తీసుకున్నాను. నీకు జరగనిది ఇంకొకరికి జరగలేదనుకోవడం, ఇంతకన్నా పొగరు ఉంటుందా?

"సంతోషంగా చేయమంటున్నారండి అయ్యగారూ" అన్నాను. ఊరుకోలేదు. "ఇలాంటి ప్రార్థన కోసం ఎన్నాళ్లుగానో చూస్తున్నారంట" అని కూడా కలిపాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. ముందు పెద్దావిడకే అని, చేయి చాపి కోకమ్ తల మీద పెట్టారు. ఆవిడ బిగుసుకుపోయింది. చేతులు రెండూ పక్కలకి అంటుకుపోయాయి. కళ్లు మూసుకోలేదు. నీళ్లు మాత్రం కారిపోయాయి. ఎందుకు పక్కకి జరగలేదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కదిలితే దెబ్బలు పడతాయని చిన్నప్పుడే నేర్చుకున్న ఒళ్లు కదా. మావాళ్లు ఆ కన్నీళ్లు చూసి హల్లెలూయ అని అరిచారు. ప్రార్థన అయ్యీ అవగానే హాల్లో ఉన్న మనవరాలిని రెక్క పట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

వెనకాలే వెళ్లాను. మేం కొట్టిన కొత్త మెట్ల మీద నిలబడింది.

"ఆయనకి చెప్పావా?" అంది.

"చెప్పాను."

"విని కూడా పెట్టాడా?"

నేను తలూపాను.

అంతే. మనవరాలితో మెట్లు దిగి వెళ్లిపోయింది. మొదటి అబద్ధం కోపంలో వచ్చిందని సర్దుకుందాం పోనీ. ఇది మాత్రం నన్ను నేను కాపాడుకోవడానికి, నాకు పేరు పెట్టిన మనిషిని ఆవిడ ముందు దుర్మార్గుడిని చేయడం. ఆయన అడిగి మరీ ఆగిన మనిషి.

ఆ వీడియో ఎన్ని చర్చిలు తిరిగిందో! ఒక ఆదివాసీ తల్లి కన్నీళ్లు, పక్కన నా సాక్ష్యం. చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త బాగా చెప్పాను. మరుసటి ఏడు ఆ ఊరివాళ్లు మీరు రావద్దని కబురు పెట్టారు. కారణం చెప్పలేదు. వాళ్ల హృదయాలు కఠినమయ్యాయని మావాళ్లు ఉపవాస ప్రార్థన పెట్టారు. నేనూ వెళ్లి మోకరించాను. సిగ్గు లేకపోతే సరి.

ఈ నెల ఫెలోషిప్‌లో మళ్లీ అక్కడికి వెళ్దామన్నారు. పర్మిషన్ అడుగుతూ ఆ ఊరి ఆఫీసుకి అదే వీడియో పంపుదామన్నారు, చూసి కరుగుతారని. కోకమ్ ముఖం, ఆ చెయ్యి, మళ్లీ ఆవిడ వాళ్లకే! "పంపకండి, నేను ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను. బయటికొచ్చి కారులో కూర్చుని ఇండియాలో ఉన్న అయ్యగారికి ఫోన్ చేశాను. కోకమ్ అన్నది అన్నట్టు చెప్పాను. నేను ఆవిడతో అన్నది కూడా చెప్పాను.

అంతా విని అడిగారు: "అయితే ఆ తల్లి ఏడ్చింది నా చేతికా అమ్మా?"

"అవునండి అయ్యగారూ."

ఫోన్ పెట్టేశారు. ఎవరితో మాట్లాడినా చివర్లో ప్రార్థన చేయకుండా ఆయన ఫోన్ పెట్టరు. ఆ రోజు చేయలేదు. మళ్లీ ఇంతవరకూ ఫోన్ చేయలేదు.

చూడండి, ఇంత రాశాక కూడా బాగా రాశానా అని వెనక్కి వెళ్లి చదువుకుంటున్నాను. గర్వం ఎక్కడికీ పోలేదు. కానీ ఆరేళ్లలో ఈ నాలుగు రోజులే నేను హాయిగా ఊపిరి తీసుకున్నాను. కోకమ్‌కి ఇంకా చెప్పలేదు. ఉందో లేదో కూడా తెలియదు. ఉంటే, ఆ పెద్దాయన తన మాట వినలేదనే ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది. ఆయన వినకపోవడం కాదు. నేను చెప్పలేదు.